ప్లగ్గు పీకినా ఆగని మోత

పొద్దున లేవగానే సాయిలు మేస్త్రి ముందు గోడలు చూస్తాడు. శేరిలింగంపల్లిలో వాళ్ళుండే అపార్టుమెంటు ఆయన చేతుల మీద లేచింది కాదు. ఎవడో కట్టాడు, వంకరగా కట్టాడు. హాల్లో కిటికీ పక్క మూల తూకం గుండుకు నిటారుగా నిలవదని పాలు పొంగించిన నాడే బిల్డరు మొహం మీద చెప్పాడు. ఆ బిల్డరుతో ఇప్పటికీ మాటల్లేవు. లిఫ్టులో కనపడితే సాయిలు మెట్లెక్కి పోతాడు.

తర్వాత చాయ్. కోడలు హరిత చాయ్ చేతికిచ్చి, ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని గచ్చిబౌలి ఆఫీసు బస్సుకు ఉరుకుతుంది. ఇక ఇంట్లో మిగిలేది సాయిలు, వంకర మూల, ఆ మూలలో డబ్బా.

డబ్బా అంటే గిటారుకు పెట్టే ఆంప్లిఫయర్. పాతకాలపుది. లోపల వెనకటి రేడియోల్లో ఉండే గాజు వాల్వులు. స్విచ్చి వేస్తే చిన్న దీపాల్లాగ ఎర్రబడతాయి. సాయిలు కొడుకు వేణు ఎక్కడో మూలన పడి ఉన్నదాన్ని కొని తెచ్చి, బాగుచేసుకుని, దాని వెంటపడి ఉన్న ఉద్యోగం మానేశాడు.

"ఆ డబ్బా ఇంట్ల ఉన్నన్ని దినాలు నీతోని మాట్లాడ. దాన్ని ముట్ట గూడ ముట్ట" అన్నాడు సాయిలు. అన్నాడంటే అన్నాడే. వేలెడు తేడా వస్తే కట్టిన గోడ కూల్చిన మనిషి, మాట తప్పుతాడా?

ఒకే ఇంట్లో మూడేండ్లు అట్లాగే గడిచాయి. ఏం చెప్పాలన్నా హరిత మీదుగానే. "వానికి చెప్పు, నల్లా కట్టెయ్యమని." వేణు ఆ పక్కనే ఉండేవాడు. అయినా హరిత చెప్పేది, అప్పుడు కట్టేసేవాడు. సాయంత్రం వేణు గిటారు తీస్తే సాయిలు టీవీ సౌండు పెంచేవాడు. పోయిన వానాకాలం వేణుకు డెంగ్యూ వచ్చి దవాఖానలో పడుకున్నప్పుడు కూడా మంచం పక్కన నిలబడి, "వానికి చెప్పు, జర జావ తాగమని" అన్నాడు. హరిత చెప్పింది. వేణు తండ్రి వైపు చూస్తూ రెండు గుటకలు మింగాడు. తెల్లారేసరికి లేడు.

"మనిషే పోయిండు. ఇగ డబ్బ ఎందుకు? అమ్మెయ్" అని ఇప్పుడు సాయిలు పట్టు. హరితకు ఇష్టం లేదు. కానీ ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పి గెలిచినవాళ్ళు లేరు. గెలవనివాణ్ణి ఆమె కళ్ళారా చూసింది.

కొనడానికి మియాపూర్ నుంచి రోహిత్ అనే కుర్రాడు వచ్చాడు. స్విచ్చి వేసి చెవి పెట్టాడు. గుంయ్‌మని ఒకటే మోత.

"ఇలా అయితే కష్టమండీ. ఈ మోత పోగొడితే ఆదివారం వచ్చి తీసుకెళతాను" అన్నాడు.

"పోగొడతం" అన్నాడు సాయిలు. "హరితా, మనిషిని పిలిపియ్యి."

"నేనే చూస్త మామా. వేణు రిపేరు చేస్తుంటే టార్చి పట్టింది నేనే గద."

ఆఫీసు నుంచి రాగానే డబ్బాను భోజనాల బల్ల మీదికెక్కించి వెనక చెక్క విప్పింది. సాయిలు దూరంగా కుర్చీ వేసుకుని పని చూడటానికి కూర్చున్నాడు.

"ప్లగ్గు పీకినంక గూడ లోపట కరెంటు నిలిచి ఉంటది మామా. ముందు దాన్ని దించాలె." ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తో ఒక తీగ తగిలించి, దాగిన కరెంటును మెల్లగా దించింది.

"ఆ చెయ్యెందుకు దాసుకున్నవ్?"

"రెండు చేతులు పెడితే షాకు గుండెల నుంచి పోతదట. మరిచిపోతే వేణు మస్తు తిట్టెటోడు."

కోఠి బజారు నుంచి తెచ్చిన, కరెంటు దాచుకునే కొత్త కెపాసిటర్లను ఆమె సోల్డరు పెట్టి అతికిస్తుంటే సాయిలు ఊరుకోలేకపోయాడు. "ఏందది, సిమెంటు మాలు కుప్ప పోసినట్టు? పీకు. మళ్ళ పెట్టు." పీకి మళ్ళీ పెట్టింది. మోత పోలేదు. వాల్వులు ఒక్కోటి మార్చి చూసింది. వాటి కాళ్ళు గీకి తుడిచింది. ప్లగ్గుకు ఎర్తు పిన్ను విరిగి ఉంటే కొత్త ప్లగ్గు వేసింది. పోలేదు. గిటారు తగిలించి తీగల మీద అరచెయ్యి పెట్టింది.

"మనిషి ముట్టుకుంటే మోత మనిషిల నుంచి దిగిపోవాలె. నాకు దిగుతలేదు. మీరొకసారి ముట్టి చూస్తరా?"

"ముట్టనని చెప్పిన గద."

హరిత విసిగి ప్లగ్గు పీకేసింది. వాల్వులు ఆరిపోయాయి. మోత మాత్రం అట్లాగే ఉంది.

"ప్లగ్గు పీకినా మోగుతున్నది మామా" అంది, పాలు విరిగాయని చెప్పినట్టు.

"చేసే పని సక్కగ చేస్తే గిట్లెందుకైతది" అని గొణిగి, సాయిలు పాల ప్యాకెట్టుకు కిందికి పోయాడు.

ఆయన లిఫ్టు ఎక్కగానే ఇల్లు నిశ్శబ్దమైపోయింది. హరిత స్క్రూడ్రైవరు పట్టుకుని అట్లాగే నిలబడింది. కాసేపటికి సన్నగా గుంయ్‌మంది. లిఫ్టు ఒక్కో అంతస్తు ఎక్కేకొద్దీ పెరిగింది. సాయిలు చెప్పులు విడిచి లోపలికొచ్చేసరికి బల్ల మీది గ్లాసులు అదురుతున్నాయి.

"మామా, మోత డబ్బాది కాదు. మీది."

"నాదా? నాకు బీపీ గూడ లేదు."

"వాచ్‌మనును అడుగుండ్రి."

ఇంటర్‌కమ్‌లో అడిగితే వాచ్‌మన్, "అవ్ సార్, మీరు నడుస్తుంటే గేటు కాడికి వినొస్తది. వేణన్న పోయిన సంది ఇంక ఎక్కువైంది. మీకెరుకనే అనుకున్న" అన్నాడు. ఆ ముక్క ఇన్నాళ్ళు చెప్పనందుకు సాయిలు వాణ్ణి కూడా మాట్లాడకూడనివాళ్ళలో కలుపుకున్నాడు.

ఆదివారం రోహిత్ వచ్చే వేళకు సాయిలు తనంతట తానే లేచాడు. "నేను కింద కూసుంట. బేరం అయినంక వస్త" అని, గేటు దాకా పోయి వేపచెట్టు నీడలో కూర్చున్నాడు.

పైన బాల్కనీ తలుపు తెరిచే ఉంది. "చాలా క్లీనుగా ఉందండీ! మీరు ఏదైనా వాయించండి, దూరం నుంచి వింటాను" అని రోహిత్ అనడం వినపడింది. తర్వాత గిటారు మొదలైంది.

వేణు రోజూ వాయించినదే అది. సాయిలు ఎన్ని సాయంత్రాలు దాని మీద టీవీ పరిచాడో. ఇప్పుడు మధ్యలో టీవీ లేదు. రాగం మెల్లగా, ఒకచోట తడబడుతూ, మెట్లెక్కే పసివాడిలాగ పైకి పోయింది. పోయి, అక్కడ ఆగిపోయింది.

సాయిలు మిగతాది వస్తుందని చూశాడు. తల పైకెత్తి చూశాడు. రాలేదు. లేచి లిఫ్టు దగ్గరికి నడిచాడు. లిఫ్టులో బిల్డరు ఉన్నాడు. అయినా ఎక్కాడు.

ఆయన గడప దాటేసరికి హాలంతా మోత. రోహిత్ బిత్తరపోయాడు. "ఇప్పటిదాకా బాగానే ఉందండీ!"

సాయిలు అతని ముందే నిలబడి కోడలి వైపు తిరిగాడు. "ఆయనకు చెప్పు, డబ్బ ఇచ్చేది లేదని."

ఆ గొంతు, ఆ చెప్పే తీరు ఆ ఇంట్లో వినపడక ఏడాదవుతోంది. అయినా హరిత అలవాటు కొద్దీ, "ఇవ్వరట" అని చెప్పింది.

రోహిత్ పోయాక సాయిలు గిటారు వైపు చూపించి, "కొట్టు" అన్నాడు.

"ఈ మోతల వినపడదు మామా."

ఆయన కుర్చీ లాక్కుని డబ్బా పక్కన కూర్చున్నాడు. సున్నానికి మొద్దుబారిన చూపుడు వేలు చాపాడు. చాపి, వెనక్కి తీసుకుని, మళ్ళీ చాపి, వెనకవైపు ఇనుప రేకు మీద ఆనించాడు.

మోత పోయింది.

హరిత వాయించింది. సాయిలు కళ్ళు మూసుకోలేదు, ఎర్రబడ్డ వాల్వులనే చూస్తూ కూర్చున్నాడు. రాగం పైకి పోయింది. తడబడేచోట తడబడింది. ఇందాక ఆగినచోటే ఆగింది.

"తర్వాత?"

"గంతవరకే నేర్పిండు మామా."

సాయిలు వేలు తీయలేదు.

"అయితే గంతవరకే మళ్ళ కొట్టు" అన్నాడు.