జేబులో నాలుగు రోజులు

నేను ఒక తెల్ల ఆప్రాన్‌ని. తెల్లదనం పుట్టినప్పటి మాట. ఇప్పటి నా రంగుకు ఎవరూ పేరు పెట్టలేదు.

బందరు కోనేరు సెంటర్లో మస్తాన్ అనే దర్జీ నన్ను ఓ నర్సింగు విద్యార్థిని కోసం కుట్టాడు. ఆమె చదువు ముగించి, నన్ను పిన్ని కూతురు హెప్సిబాకి ఇచ్చేసింది. హెప్సిబా బీఎస్సీ జువాలజీ మొదటి ఏడాది. నా చేతులు రెండు మడతలు పెడితే గానీ ఆమె వేళ్ళు బయటికొచ్చేవి కావు. తండ్రి గిలకలదిండి రేవులో పడవలకు ఐసు ఎక్కిస్తాడు.

వేసవిలో కాలేజీ పిల్లలు పరిశోధనా సంస్థలకు వెళ్ళి, రెండు నెలలు సైంటిస్టుల పక్కన పనిచేయవచ్చని హెప్సిబా లైబ్రరీలో ఏదో పత్రికలో చదివింది. ఆ రోజు నుంచి ఆమెకు అదే ధ్యాస. జువాలజీ సారుని అడిగితే నవ్వాడు.

"ఫస్టియరు వాళ్ళకి ఎవరిస్తారమ్మా? ముందు కప్ప గుండె బొమ్మ సరిగ్గా గియ్యి."

ఆమె ఆగలేదు. ఏ సంస్థలో ఎవరు ఏం చేస్తున్నారో వెతికి, ముప్పై ఒక్క మందికి మెయిళ్ళు రాసింది. నలుగురు జవాబిచ్చారు. నలుగురిదీ ఒకటే మాట: వచ్చే ఏడు చూద్దాం.

స్నేహితురాలు తులసీరత్నం ఇదంతా చూసి, "నాకూ ఒకటి రాసిపెట్టవే" అంది. రత్నం వాళ్ళది అవనిగడ్డ దగ్గర పల్లె, రొయ్యల చెరువు. బస్సు కోసం నిలబడి, హెప్సిబా పది నిమిషాల్లో ఆ మెయిలు రాసేసింది. తెగులొచ్చి చెరువు పోయినప్పుడు రత్నం చచ్చిన రొయ్యల్ని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచిందనీ, వాళ్ళమ్మ అట్లకాడతో వెంటపడిందనీ నవ్వుకుంటూ అందులో రాసింది. విశాఖలో చెరువు బురద మీద పరిశోధన చేసే ఓ సైంటిస్టమ్మకి పంపింది.

ఆవిడ రత్నాన్ని రమ్మంది.

హెప్సిబా స్నేహితురాలిని కౌగిలించుకుంది. మధ్యలో నేను నలిగాను. పైకి "భలేగా ఉందే!" అంటున్న మనిషి గుండె నా బొత్తాల కింద ఎలా కొట్టుకుందో నాకే తెలుసు. ముప్పై ఒకటి రాసినదానికి లేదు, ఒకటి రాయించుకున్నదానికి వచ్చింది.

రత్నం వాళ్ళ అమ్మమ్మకు కంటి ఆపరేషను. మంగళవారం ఊరెళ్తూ, ఆ సైంటిస్టమ్మ ఉత్తరం హెప్సిబా చేతిలో పెట్టింది. "దీనికింద ప్రిన్సిపాల్ మేడమ్ సంతకం పెట్టించి, శుక్రవారంలోగా పంపెయ్యవే. మర్చిపోకు."

ఆ కాగితం నా జేబులోకి వచ్చింది. మంగళవారం అక్కడే ఉంది. బుధవారం ఫోను వస్తే, "మేడమ్ సెలవులో ఉన్నారే" అంది హెప్సిబా. మేడమ్ ఆ నిమిషంలో వరండాలో ఎవరినో కేకలేస్తూనే ఉంది. గురువారం మళ్ళీ ఫోను. ఈసారి రత్నం ఉత్తరం సంగతే ఎత్తలేదు.

"నీకేమన్నా జవాబొచ్చిందా? రాకపోతే విశాఖలో మా మేడమ్‌ని అడగనా?"

'మా మేడమ్' అట! ఆ జాలి పుండు మీద ఉప్పు రాసినట్టు మండింది.

శుక్రవారం మధ్యాహ్నం ఖాళీ ల్యాబులో హెప్సిబా కాగితం చింపడానికే తీసింది. చింపేముందు చదివింది. 'ఫ్రిజ్‌లో రొయ్యలు దాచి తిట్లు తిన్న అమ్మాయిని చూడాలనుంది' అని రాసి ఉంది. అది తన వాక్యం. తను రాసిన వాక్యాన్ని తనే చింపుకోలేకపోయింది. మంచితనం అని నేననను, నాకు మనుషులు అంత కొత్త కాదు. కానీ ఆఫీసు మూసే వేళకు నేను రెక్కలు కొట్టుకుంటూ ఆమెతోపాటు మెట్లెక్కాను.

"ఇప్పుడా తెచ్చేది?" అని విసుక్కుంటూనే మేడమ్ సంతకం పెట్టింది. ఆ సాయంత్రమే కాగితం విశాఖకు వెళ్ళింది.

మే నెలలో రత్నం వచ్చింది. "నాకు ఆప్రాన్ లేదే, నీది ఇస్తావా?" హెప్సిబా కాసేపు నన్ను పట్టుకునే ఉంది. తర్వాత ఇచ్చింది. అలా, ఆమె వెళ్ళలేని చోటికి నేను వెళ్ళాను. రెండు నెలలు బురదలో మునిగాను.

మేము తిరిగొచ్చాక హెప్సిబా చెప్పేసింది. "నీ కాయితం నాలుగు రోజులు నా జేబులోనే పెట్టుకున్నానే. మేడమ్ సెలవు పెట్టలేదు."

"తెలుసే. గురువారం ప్రిన్సిపాల్ మేడమ్‌కి నేనే ఫోన్ చేశా. ఎత్తి, ఏ కాయితం అంది."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే లేదంటావు. అప్పుడు ఇంక మాట్లాడుకోలేం కదే."

 హెప్సిబా, "అక్కడ ఏం చేశావో మొదటినుంచీ చెప్పు" అంది. రత్నం చెబుతుంటే అక్కడి మనుషుల, పనుల పేర్లన్నీ నోటుపుస్తకంలో రాసుకుంది. కళ్ళల్లో మంట ఆరలేదు, చెయ్యి మాత్రం ఆగలేదు.

మరుసటేడు ఆమె తన గురించే రాసుకుంది. కరిగిన ఐసునీళ్ళలో చేప ఎన్ని గంటలకు పాడవుతుందో నాన్నతో కలిసి రేవులో చూసిన సంగతి రాసింది. కొచ్చిలో ఓ చేపల పరిశోధనా సంస్థ నుంచి పిలుపొచ్చింది. రత్నం ఆమెకు కొత్త ఆప్రాన్ కొనిచ్చింది. సరిగ్గా మణికట్టు దగ్గర ఆగే చేతులు, జేబు మీద కుట్టిన పేరు.

నన్ను నాలుగు ముక్కలు చేసి ల్యాబు అటెండరుకు ఇచ్చారు. బల్లలు తుడుస్తున్నాను. హెప్సిబా అసూయను తప్పుబట్టినదాన్ని, ఆ కొత్తదాని మీద సిరా ఒలకాలని వేసవంతా కోరుకున్నాను.

జులైలో అది ల్యాబుకొచ్చింది. ఒళ్ళంతా చేప నెత్తురు, ఏవో మందుల మరకలు. ఒక్క వేసవిలో అంత పని చేసిందా!  నా మీద అన్ని మరకలు పడటానికి ఐదేళ్ళు పైనే పట్టింది.