జిగురు కింద గొలుసు

మా వదిన మట్టి యంత్రం నడుపుతుంది. ఊరవతలి చిత్తడి నేలను సోమవారం పూడ్చాల్సింది ఆమే. శుక్రవారం మధ్యాహ్నం నేను పనిచేసే, ఎండు మొక్కలు దాచే మ్యూజియానికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ చిత్తడిలో, చెట్లనీడన ఉన్న మొక్క అరుదైన గొలుసు ఫెర్న్ అయితే పని ఆపేస్తారట. మామూలు దాల్చినచెక్క ఫెర్న్ అయితే మట్టి పోసేయడమే. అక్కణ్ణించి తెచ్చిన ఆకు మీద మీ బీరువాలో ఏమని రాసుంది?"

"దాల్చినచెక్క ఫెర్న్ అని."

"మరి నీ మొహం అలా మాడిపోయిందేం?"

చెప్పక తప్పలేదు. పైనుంచి చూస్తే ఆ రెండూ కవలలే. గొలుసు ఫెర్న్‌కి ఆకు అడుగున, ఈనె పక్కనే గోధుమరంగు బీజాల గీతలు గొలుసు కట్టి ఉంటాయి. దాల్చినచెక్క ఫెర్న్‌కి ఆకు అడుగున ఏమీ ఉండదు, బీజాలు మోసే కాడ విడిగా లేస్తుంది. అందుకే ఫెర్న్‌ను కాగితానికి అంటించేటప్పుడు ఒక్క ఆకు రెక్కనైనా తిరగేయాలి. తొమ్మిదేళ్ళ కిందట, పనిలో చేరిన మొదటి వారంలో, చూడ్డానికి ముచ్చటగా ఉందని నేను ఆకు మొత్తాన్నీ ఒకే వైపు అంటించేశాను. పేరు పెట్టినవాళ్ళు పైభాగమే చూశారు. "విడి కాడ దొరకలేదు" అని మొక్కను సేకరించినాయన కాగితం మూలన రాసిన మాట ఇవాళే నా కంటబడింది. బురదలో చూద్దామంటే ఇప్పుడు చుట్ట విప్పని మొలకలే ఉన్నాయి.

"ఆకు ఊడదీస్తాను సార్," అన్నాను మా అధికారితో.

"ముక్కలైతే ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. నీ ఉద్యోగం కూడా."

"పోనివ్వండి. అంటించింది నేను, ఊడదీసేదీ నేనే."

నాకు భయం వేసింది. అయినా రెండు రెక్కల మీద తడి అద్దుడు కాగితం పరిచి గంటన్నర కూర్చున్నాను. సన్నటి బ్లేడు దూర్చాను. మొదటి రెక్క కొస విరిగింది. వదిన నా భుజం మీద చెయ్యి వేసి, "ఆగకు," అంది. రెండో రెక్క మెల్లగా లేచింది. జిగురు మరకల మధ్య గోధుమరంగు గీతలు, ఒకదాని వెనక ఒకటి, ఈనె పొడుగునా ఉన్నాయి. అధికారి భూతద్దం దించి, పూడ్చే పని ఆపించడానికి ఫోను అందుకున్నారు.

మా పనిలో పాత పేరు చెరపకూడదు, పక్కన కొత్త చీటీ పెట్టాలి. "గొలుసు ఫెర్న్. అడుగుభాగం కనబడకుండా అంటించింది నేనే," అని రాసి సంతకం చేశాను.

వదిన చదివింది. "రెండో మాట రాయకపోతే ఎవరికి తెలిసేది?"

"తొమ్మిదేళ్ళూ ఎవరికీ తెలియకపోబట్టే కదా ఇంతదాకా వచ్చింది."

చీటీకి ఈసారి ఒక్క అంచునే జిగురు రాశాను.