చీపుర్ల గదిలో సర్వర్

"ఆ బొమ్మలపెట్టె తర్వాత విప్పుకోవచ్చు గానీ, ముందు టీ సంగతి చూడు నెల్," అన్నాడు వార్విక్, కొరియర్ మనిషి ఇచ్చి వెళ్ళిన అట్టపెట్టెని మోచేత్తో పక్కకి నెడుతూ.

నెల్ అంటే నరెల్. ఆమె చేతుల నిండా సబ్బు నురగ. పొద్దున టీ వేళని హార్షంలో స్మోకో అంటారు. ఆ వేళకి ఆఫీసులో అందరి కప్పులూ కడిగేది ఆమే. కడగమని ఎవరూ చెప్పలేదు. కడుగుతుంటే చూసి ఎవరూ కుర్చీలోంచి లేవనూ లేదు. గుమ్మం పైన 'ట్రెలోర్ అండ్ సన్స్, భూముల సర్వే' అని మామగారు పెట్టించిన బోర్డు ఉంది. ఆ కొడుకుల్లో పెద్దవాడు వార్విక్ ఆమె భర్త, చిన్నవాడు నెవిల్ మరిది. బోర్డు మీద కొడుకులున్నారు, కోడలు లోపల సింకు దగ్గర ఉంది.

"బొమ్మ కాదు, సర్వర్‌కి కొత్త నెట్‌వర్క్ కార్డు. వేగం పదింతలవుతుంది," అంది నరెల్.

"ఉన్నది నడుస్తోందిగా?"

"నడవడం లేదు వార్విక్, నేను నడిపిస్తున్నాను."

అతను నవ్వి బిస్కెట్ డబ్బా మూత తీశాడు. "అదే సర్దుకుంటుందిలే."

హార్షం ఊళ్ళో ఏది చెడినా జనం అనే మాట అదొక్కటే. వానలు మొహం చాటేసి గోధుమ ఎండిపోతున్నా, ట్రక్కు నడిరోడ్డు మీద మొరాయించినా, మొహం మీద ఈగల్ని తోలుకుంటూ నింపాదిగా 'అదే సర్దుకుంటుందిలే' అంటారు. అక్కడివాళ్ళ నోట్లో వానా, ట్రక్కూ, ఇంజనూ అన్నీ ఆడవే. మనకీ అంతేగా, వస్తువునీ 'అది' అంటాం, ఇంట్లో ఆడదాన్నీ 'అది' అంటాం. చిన్నప్పుడు నాన్న నోట ఆ మాట వింటే నరెల్‌కి గుండె నిబ్బరంగా ఉండేది. కాపురానికొచ్చాక మెల్లగా తెలిసొచ్చింది, ఆ మాట అన్నవాళ్ళు అనేసి వెళ్ళిపోతారని, వెనక మిగిలి సర్దే 'అది' తనేనని. పైకప్పు కారితే బకెట్ పెట్టింది తనే, పిల్లకి గవదబిళ్ళలొస్తే సెలవు పెట్టింది తనే. ఇక్కడ సెలవు పెట్టడానికి ఆఫీసులో తనకంటూ ఉద్యోగమేదీ లేదు, అది వేరే సంగతి. కొత్తవాళ్ళెవరైనా వస్తే వార్విక్ చెప్పే మాట ఇప్పటికీ మారలేదు. "మా ఆవిడ. ఆఫీసులో కాస్త సాయం చేస్తుంటుంది." ఒకసారి ధైర్యం చేసి జీతం మాటెత్తితే, అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మనకి మనమే జీతమిచ్చుకుంటామా? పిచ్చా ఏమన్నా?" ఆ 'మనం' ఎంత ముద్దుగా వినిపించిందంటే, ఆమె మళ్ళీ అడగలేకపోయింది.

ఆ 'కాస్త సాయం' ఏమిటంటే, నెవిల్, అతనితో పనిచేసే సర్వేయర్లు పగలంతా పొలాల మీద డ్రోన్లు ఎగరేసి కుప్పలకొద్దీ ఫొటోలు తెస్తారు. అవన్నీ సర్వర్లోకి ఎక్కాలి. సర్వరంటే ఆఫీసు పటాలన్నీ దాచి ఉంచే పెద్ద కంప్యూటరు. అది ఉండేది చీపుర్ల గదిలో, నేల తుడిచే కర్రకీ వాక్యూమ్ క్లీనర్‌కీ మధ్య. "ఆ గదిలోకి ఎలాగూ వెళ్ళేది నువ్వొక్కదానివేగా," అని వార్విక్ దాన్ని అక్కడ పెట్టించాడు. నిజమే, ఆ గది తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా నెవిల్‌కి తెలియదు. ఆ సర్వర్లోకి పోయే దారి ఒక్కటే, అదీ సన్నది. ఒకరు ఫొటోలు ఎక్కిస్తుంటే మిగతా అందరి తెరలూ బిగుసుకుపోతాయి. అందుకని ఒక పద్ధతి దానంతటదే ఏర్పడింది. సాయంత్రం కాగానే మగాళ్ళు మెమరీ చిప్పులన్నీ నరెల్ బల్ల మీద పడేసి, పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బుకి పోతారు. ఆమె కూర్చుని ఒక్కొక్కటే ఎక్కిస్తుంది. ఇంటికెళ్ళేసరికి వార్విక్ ఫ్రిజ్ తలుపు తీసి దాని ముందు నిలబడి, "వెన్న ఎక్కడుంది నెల్?" అంటాడు. వెన్న అతని ముక్కుకి ఎదురుగానే ఉంటుంది.

"నా రోజుల్లో ఆయన కారు చప్పుడయ్యేసరికి ప్లేట్లు టేబుల్ మీదుండేవమ్మాయ్," అంటుంది అత్తగారు బెరిల్. రోజూ స్మోకోకి ఏదో ఒక తీపి చేసి పట్టుకొస్తుందావిడ. అక్కడ అత్తగారినీ పేరుపెట్టే పిలుస్తారు. అంతమాత్రాన ఆవిడ అత్తగారు కాకుండా పోదు.

ఫైళ్ళు ఎక్కుతున్నంతసేపూ ఊరికే కూర్చోలేక నరెల్ పక్క తెర మీద పాఠాలు వినేది. ముందు ఫైళ్ళు ఎందుకింత మెల్లగా ఎక్కుతున్నాయో తెలుసుకుందామని మొదలుపెట్టింది. తర్వాత రుచి మరిగింది. పరీక్షలు రాసింది, పాసైంది, ఇంట్లో చెప్తే వార్విక్ "భలే, ఇంక మా ప్రింటరు కూడా బాగుచేస్తావన్నమాట," అన్నాడు. ఊరి ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం చూసే రోస్లిన్ మాత్రం అలా అనలేదు. పిల్లల నెట్‌బాల్ ఆటల దగ్గర ఇద్దరూ సాసేజీలు కాలుస్తుంటే, పట్టకారు కింద పెట్టి మరీ అడిగింది. "మా దగ్గరికొచ్చెయ్ నరెల్. నీలాంటిదాని కోసమే చూస్తున్నా. ఈ శుక్రవారం సాయంత్రం లోపల చెప్పు, ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఇవాళ శుక్రవారం. నరెల్ ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆ పని చేయగలనా అన్న భయం లేదు ఆమెకి. తను కదిలితే ఈ ఆఫీసు కుప్పకూలుతుందనే భయం. ఆ భయంలో కాస్త గర్వం కూడా కలిసుందని ఆమెకి తెలుసు. తను లేకపోతే గడవదు అనే మాట ఇన్నేళ్ళుగా ఆమెకి దక్కిన ఒకే ఒక మెప్పు. దాన్ని వదులుకోవడం అంత తేలికేం కాదు. అందుకే ఈ కార్డు తెప్పించింది. దారి వెడల్పైతే సాయంత్రాలు తను కాపలా కూర్చోనక్కర్లేదు. అప్పుడు వెళ్ళొచ్చు. కార్డు పని చేస్తే వెళ్ళొచ్చు, చేయకపోతే లేదు, అని తనకి తనే పందెం వేసుకుంది.

టీలు అయ్యాక, "కాసేపు సర్వర్ ఆపుతున్నా," అంది.

"ఇప్పుడా?" నెవిల్ మూలిగాడు. "మంచి పనిలో ఉన్నా వదినా!"

మనిషి మంచి పనిలో ఉన్నట్టు అతని గడ్డం మీద, బెరిల్ ఇవాళ తెచ్చిన తీపి తాలూకు కొబ్బరిపొడి మాత్రం చెప్పడం లేదు. నరెల్ సర్వర్ ఆపి, పక్కరేకు విప్పి, లోపలి దుమ్మంతా మెత్తని కుంచెతో దులిపింది. కొత్త కార్డుని దాని అరలో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కితే టక్కున కూర్చుంది. ఆ చప్పుడుకి ఒంట్లో ఏదో తీయగా అనిపించింది. కొత్త తీగ ఒక కొస కార్డుకీ, రెండో కొస గోడ మీద కొత్తగా బిగించిన, అందరి తీగలూ వచ్చి కలిసే పెట్టెకీ తగిలించింది. సర్వర్ లేచింది. కార్డు మీద పచ్చదీపం వెలిగింది.

"ఇప్పుడు ఎక్కించు నెవిల్!" అని అరిచింది.

కాసేపటికి నెవిల్ గొంతు వచ్చింది. "ఏం మారిందంటావ్ వదినా? ఎప్పట్లాగే నత్త నడకేగా."

అతను ఎక్కించడం మొదలుపెట్టగానే వార్విక్ తెర కూడా ఎప్పట్లాగే బిగుసుకుంది. అతను కుర్చీ వెనక్కి వాల్చి పెద్దగా నవ్వాడు. "పాతదాన్ని కదిలించొద్దని చెప్పానా లేదా?"

"పోనీలేరా, ఏదో సరదా పడింది," అంది బెరిల్, చీవాట్ల కంటే ఆ జాలే ఎక్కువ గుచ్చుకునేలా.

"అదే సర్దుకుంటుందిలే అమ్మా. సాయంత్రం ఎలాగూ నెల్ ఉంటుందిగా."

నరెల్ చెవులు వేడెక్కాయి. ఏడుపు రాలేదు గానీ, వస్తే బాగుండుననిపించింది. చీపుర్ల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. లెక్క తప్పలేదు, కార్డు మంచిదే, అరా సరైనదే. మరెందుకు?

అప్పుడు చూసింది దీపాల్ని. కొత్త కార్డు దీపం తాపీగా వెలుగుతోంది, పని లేని పెద్దమనిషిలా. పక్కనే పాత తీగ దగ్గర చిన్న దీపం మాత్రం ఊపిరాడనట్టు టపటపా కొట్టుకుంటోంది. ఫొటోలన్నీ ఆ పాత దారిలోనే ఈడ్చుకుంటూ వస్తున్నాయి. ఆ తీగ ఎందుకింకా అక్కడుంది? తనే ఉంచింది. కొత్తది పని చేయకపోతే ఎందుకైనా మంచిదని తీయకుండా వదిలేసింది. రెండు తలుపులు తెరిచి ఉంటే కంప్యూటర్లు అలవాటైన తలుపు దగ్గరికే వచ్చి తోసుకుంటున్నాయి. అవతల అంత వెడల్పు తలుపుందని వాటికి తెలియాల్సిన అవసరం రాలేదు.

నరెల్ ఆ చిన్న దీపాన్నే చూస్తూ కూర్చుండిపోయింది. వెన్న ఎక్కడుంది నెల్, నా నీలం సాక్సు ఏవి నెల్, అమ్మకి డాక్టరు దగ్గరికి ఏ రోజు నెల్. వాళ్ళకి కళ్ళు లేకనా? తను ఉంది గనుక, అడిగిన వెంటనే పలుకుతుంది గనుక. ఈ దారి ఇంత ఇరుకుగా కట్టింది తను కాదు. అందరి బరువూ దీని మీద వేసిందీ తను కాదు. ఆ పాపం తన నెత్తిన వేసుకునేంత మంచితనం ఇవాళ ఆమెలో లేదు. కానీ ఎందుకైనా మంచిదని ప్రతిచోటా తనని తను తగిలించి ఉంచుకుంది మాత్రం తనే. ఊడదీస్తే ఏమవుతుందో ఒక్కసారైనా చూడలేదు. చూడటానికి భయం. అందరూ ఆగిపోతారని సగం భయం, ఎవరూ ఆగరేమోనని సగం.

లేచి, పాత తీగ కొస పట్టుకుని, చిన్న నొక్కు నొక్కి, లాగేసింది. చిన్న దీపం ఆరిపోయింది.

"నెల్!" అని ముందు గదిలోంచి వార్విక్.

"వదినా! అంతా పోయింది!" అని నెవిల్.

"అమ్మాయ్, నిన్నే పిలుస్తున్నారు," అని బెరిల్.

మొదటి పిలుపుకే పలికే మనిషి. నాలిక చివరిదాకా వచ్చింది 'ఆఁ వస్తున్నా' అనే మాట. పళ్ళ మధ్య పట్టి ఆపింది. చేతిలో తీగ వేలాడుతోంది. "నెల్!" అని ఇంకోసారి, ఈసారి గట్టిగా. ఆమె గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పలకలేదు.

తర్వాత పిలుపులు ఆగిపోయాయి.

"ఓహో, వచ్చేసింది," అంటున్నాడు నెవిల్. "అన్నా, ఇలా చూడు! ఎక్కుతున్నాయి... ఎక్కేశాయి! మొత్తం ఎక్కేశాయి! నేనింకా కెటిల్ మీట కూడా నొక్కలేదు!"

కళ్ళు తెరిచి చూసింది. కొత్త కార్డు దీపం చకచకా మెరుస్తోంది. ఎవరూ ఎవరికీ దారి చెప్పలేదు. ఆ తలుపు మూసుకుంటే వాటంతటవే ఈ తలుపు వెతుక్కున్నాయి. హమ్మయ్య అనుకుంది నరెల్. పైకే అంది. ఇన్నేళ్ళుగా భుజాలు చెవుల దగ్గరికి ఎత్తి పెట్టుకుని తిరుగుతున్నట్టు, అవి దిగినప్పుడు గానీ ఆమెకి తెలియలేదు.

గదిలోంచి బయటికొస్తే వార్విక్ ఎదురొచ్చాడు, మొహమంతా నవ్వు. "చెప్పానా నెల్? చూశావా, అదే సర్దుకుంది!"

ఇంకో రోజైతే ఆ మాట ముల్లులా దిగబడేది. ఇవాళ మాత్రం ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగకుండా, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. బెరిల్ కంగారుగా మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నరెల్‌కి గుర్తున్నంతలో ఆ ఆఫీసులో ఇంకొకరు నింపి తెచ్చిన మొదటి గ్లాసు అది. "ఏమైందమ్మాయ్?" అని అడిగి, జవాబు రాకముందే ఆవిడ కూడా కాస్త నవ్వింది, ఎందుకో తెలియకుండానే. లేదా తెలిసే నవ్విందేమో, చెప్పలేం. ఆవిడ కాలంలోనూ ఒక తీగ ఉండే ఉంటుంది.

నీళ్ళు తాగి నరెల్ ఫోను తీసుకుని పెరటి వైపు వెళ్ళింది. రోస్లిన్‌తో మాట్లాడడానికి ఎంతోసేపు పట్టలేదు.

సాయంత్రానికి చిప్పులన్నీ ఎక్కేశాయి, బల్ల ఖాళీగా ఉంది. క్లబ్బుకి బయల్దేరుతున్న మగాళ్ళతో పాటే ఆమె కూడా సంచీ భుజాన వేసుకుంటే, వార్విక్ తలుపు దగ్గర ఆగాడు.

"ఇంక సాయంత్రాలు నీకు ఖాళీయేగా నెల్. క్లబ్బు పత్రిక పని నీకు అప్పజెప్తానని మావాళ్ళకి మాటిచ్చేశా. అలాగే అమ్మ పాత ఫొటోలున్నాయి, అవి కూడా..."

"సోమవారం నుంచి ఆసుపత్రిలో ఉద్యోగం వార్విక్. కంప్యూటర్ల విభాగంలో. పొద్దున్నే వెళ్ళిపోతాను."

అతని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. "ఉద్యోగమా? జోకా?"

"కాదు."

"మరి ఆఫీసు? నెల్, ఇదంతా ఎవరు... ఆఫీసేమవుతుంది?"

నరెల్ చీపుర్ల గది తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"అదే సర్దుకుంటుందిలే," అంది.

ఆ 'అది' ఎవరా అని వార్విక్ గదంతా కలయజూశాడు.