బైరికి పెట్టిన ముద్ద

నూట పన్నెండు మెట్లలో ఎనభయ్యో మెట్టు దగ్గర మొగులయ్య ఎప్పుడూ ఆగుతాడు. ఇనుప కమ్మీ పట్టుకుని, రెండు మోకాళ్ళనూ వంతులవారీగా తిట్టుకుని, మళ్ళీ ఎక్కుతాడు. ఫలక్‌నుమా నీళ్ళ ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో చూపించే మీటరు చెడిపోయి పన్నెండేళ్ళయింది. అప్పటినుంచీ ఆ పని ఈ మోకాళ్ళే చేస్తున్నాయి. ఇరవై ఆరేళ్ళ నౌకరీ, ఇంకా పర్మనెంటు కాలేదు. అడగడం కూడా మానేశాడు.

నిజం చెప్పాలంటే, ఆ మీటరు బాగుపడితే ఏడ్చేవాడు ఆయనొక్కడే. ట్యాంకు పైఅంచు కింద, చేయి చాపితే అందేంత దూరంలో ఒక దిమ్మె ఉంది. దసరా వెళ్ళాక ఏదో ఒక పొద్దున ఆ దిమ్మె మీద బైరి డేగ వచ్చి కూర్చుంటుంది. నల్లటి నెత్తి, పసుప్పచ్చ కాళ్ళు, బుగ్గల మీద మీసాల్లాంటి చారలు. శివరాత్రి దాకా ఉండి వెళ్ళిపోతుంది. పదకొండు చలికాలాలుగా అదే పక్షి. ఎడమకాలి గోరొకటి విరిగి ఉంటుంది కాబట్టి తెలుసు. రష్యా అవతల మంచుదేశం నుంచి వస్తుందని, మెడలో కెమెరా వేసుకొచ్చిన ఒకాయన చెప్పాడు. యాదగిరిగుట్ట దాటి ఎరగని మొగులయ్యకు ఆ రోజు సంబరంతో అన్నం సహించలేదు. అంత దూరం నుంచి వచ్చి, ఇంత పట్నంలో, తన ట్యాంకు మీదనా! కమ్మీ మీద తోకాడిస్తూ కూర్చునే నీలంపిట్ట కూడా చలికాలపు చుట్టమే, హిమాలయాల నుంచట. దానికి పురుగులు చాలు. ఫికరంతా బైరి గురించే. “గా బైరినే పెండ్లి చేసుకోరాదా, నన్నెందుకు చేసుకుంటివి” అని భార్య రాజమణి ఏటా ఒకసారైనా అంటుంది.

ఈసారి మూడు రోజులుగా వదలని పొగమంచు. బైరి వేటకు లేవలేదు. రొమ్ము ఎముక బయటికి తేలింది. శివరాత్రి దాకా నిలుస్తుందా, నిలిచినా అంత దూరం తిరిగి ఎగురుతుందా అని మొగులయ్యకు ఒకటే దిగులు.

ఈరోజు పైకి వెళ్ళేసరికి ట్యాంకు కప్పు మీద మచ్చల పావురం ఒకటి తల వాల్చి పడి ఉంది. చేతిలోకి తీసుకునేలోపే దాని ప్రాణం పోయింది. మెడ ఈకలు జిగటగా ఉన్నాయి. నూనెలో పడిందేమో అనుకున్నాడు. కాలికి ఎర్రదారం, మూడు మువ్వలు. ఎవరో ముచ్చటగా పెంచుకున్నది. అడవి జీవికి తిండి అలవాటు చేస్తే చెడుతుందని పదకొండేళ్ళుగా బైరికి ఆయన ఏమీ పెట్టలేదు. ఈ ఒక్కపూటకు ఆ నియమం పోతే పోయిందనుకున్నాడు. ఒకరి సొత్తు తనకెందుకని మువ్వలు విప్పి జేబులో వేసుకుని, ఇంకా వెచ్చగా ఉన్న పావురాన్ని దిమ్మె మీదికి జరిపాడు. బైరి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన్ను చూసింది, పావురాన్ని చూసింది. తర్వాత మెడ దగ్గర ఈకలు పీకడం మొదలుపెట్టింది.

“తిను బిడ్డా, తిను,” అన్నాడు మొగులయ్య. సంతోషంతో ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దిగి, వాల్వు తిప్పి, నీళ్ళు వదిలాడు. ఎదురు గల్లీలో గోవర్ధన్ బర్రెలకు గడ్డి వేస్తున్నాడు. పాల వ్యాపారం తండ్రిది, పావురాల పిచ్చి తనది. ఈ చలికాలం బైరి ఎత్తుకుపోయిన పావురాల పేర్లు ఒక్కొక్కటే చెప్పి చాయ్ హోటల్లో కళ్ళు తుడుచుకున్న మనిషి. మొగులయ్య మువ్వలు చూపించి, ఇవి నీవేనా అని అడిగాడు.

గోవర్ధన్ అందుకోలేదు. పావురం ఏదన్నాడు. మొగులయ్య జరిగింది చెప్పాడు.

“చేతులు కడుక్కో అన్నా. ముందుగాల సబ్బుతోని కడుక్కో. దాని మెడకు పురుగుల మందు రాసి, బైరి తింటదని ఇడిసిన. మంచుకు బైరి లేవనే లేదు. ఇది యాడ వడ్డదో నాకు తెల్వకపాయె.”

తిడదామని నోరు తెరిచాడు మొగులయ్య.

“నేనే పెట్టిన గోవర్ధన్. నా చేతుల్తోనే పెట్టిన.”

గోవర్ధన్ ఆయన చేతుల మీద చెంబుతో నీళ్ళు పోశాడు. ఆయన కళ్ళలోకి చూడలేకపోయాడు.

ఈసారి ఎనభయ్యో మెట్టు దగ్గర మొగులయ్య ఆగలేదు. మెట్టు మెట్టుకూ జేబులో మువ్వలు మోగాయి. పావురం సగం అయిపోయింది. బైరి రెక్కలు జారేసి, ముక్కు తెరిచి కూర్చుని ఉంది. తనకు తెలిసిన పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, డబ్బాలో పెట్టి తెమ్మన్నాడు. మొగులయ్య చేయి చాపాడు. అది అంచు వైపు ఒక అడుగు వేసింది. ఇంకొంచెం చాపితే ఇంకో అడుగు. దాని వెనక అంతా ఖాళీ. చేయి తీసేసుకుని ఎదురుగా కూలబడ్డాడు. అది ఆయన్నే చూస్తోంది. ఆయన చేయగలిగిందల్లా చూడడమే.

కింద ఆడవాళ్ళ లొల్లి మొదలైంది. దిగువ గల్లీ వంతు. ఇప్పుడు వాల్వు తిప్పకపోతే రెండు రోజులు వాళ్ళకు నీళ్ళుండవు. దిగాడు, తిప్పాడు, మళ్ళీ ఎక్కాడు. అప్పటికి బైరి ఒక పక్కకు ఒరిగి ఉంది. కమ్మీ మీద నీలంపిట్ట తోకాడిస్తోంది.

కుక్కలు ముట్టకుండా బైరినీ, మిగిలిన పావురాన్నీ ఒకే గుంతలో పూడ్చి, పైన రాయి పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆయన ట్యాంకుకు వెళ్ళాక రాజమణి చొక్కా ఉతకడానికి తీసింది. విషయం రాత్రే విన్నది కాబట్టి ముందుగా జేబు తడిమింది. జేబులో దొరికినవి సబ్బుబిళ్ళ పక్కన పెట్టింది: ఎర్రదారం, మూడు మువ్వలు.