ఇత్తడి రేకు మీద ఇంకొకరి పేరు

చేయాల్సిన పనులు:

అయ్యగారి కర్రలు పద్నాలుగూ సబ్బునీళ్ళతో కడగాలి.
పాత బంతులు నలభై, కొత్తవి రెండు డజన్లు, సంచిలో సర్దాలి.
కారు టైర్లలో గాలి చూడాలి.
ఐసు పెట్టె, నిమ్మకాయలు, ఉప్పు, గ్లూకోజు పొడి.
సుధాకర్ బాబుగారి మోకాలి పట్టీ మరవకూడదు.
గొడుగులు మూడు. మూడోది చిరిగింది, కుట్టించాలి.
నూకాలుకి నెల బియ్యం తెచ్చి పడేయాలి.
నా తెల్ల చొక్కా ఇస్త్రీ.
ఆఖరి ఊళ్ళో నా ఆట.

నేను ఒక గోల్ఫ్ బంతిని. పైన ఉన్నది నేను రాసింది కాదు, నాకు చేతుల్లేవు. విశాఖపట్నంలో ఒక గోల్ఫ్ క్లబ్బులో ఇరవై రెండేళ్ళు క్యాడీగా పనిచేసిన మైలపల్లి లోవరాజు, పాత స్కోరు కార్డు వెనక పెన్సిలుతో రాసుకున్న జాబితా అది. ఆ కార్డూ నేనూ పన్నెండు రోజులు ఒకే జేబులో ప్రయాణం చేశాం. అందువల్ల నాకు తెలుసు. మొదటి ఎనిమిది పనులూ అడ్డగీత పెట్టి కొట్టేసి ఉంటాయి. తొమ్మిదో దాని మీద గీత సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంటుంది.

ఎందుకు ఆగిందో చెప్పడానికే నోరు విప్పుతున్నాను. కోపంగా చెబితే క్షమించండి. నెమ్మదిగా చెప్పి చూశాను, అద్దం దాటి వినపడలేదు.

నేను పుట్టింది సముద్రం అవతల. రబ్బరు ముద్దను గుండ్రంగా నొక్కి, పైన తెల్లటి తొడుగు వేసి, దాని మీద మూడు వందల పైచిలుకు చిన్న చిన్న గుంటలు అచ్చువేశారు. గాలిలో సాఫీగా ఎగరాలంటే ఒంటి నిండా గుంటలుండాలట. మొదట నన్ను కొనుక్కున్నది ఒక బ్యాంకు అధికారి. రెండో దెబ్బకే జీడిమామిడి పొదల్లోకి పంపి, తప్పు నాదే అన్నట్టు నన్నో బూతు తిట్టి, ఇంకో బంతి తీసుకున్నాడు. ఒక వానాకాలమంతా ఆ పొదల్లోనే పడి ఉన్నాను. తర్వాత లోవరాజు కాలికి తగిలాను.

క్యాడీ అంటే ఆడేవాళ్ళ కర్రల సంచి మోస్తూ, బంతి ఎక్కడ పడిందో వెతికిపెడుతూ, ఏ కర్రతో ఎంత బలంగా కొట్టాలో చెప్పే మనిషి. చెప్పినట్టు కొట్టి బంతి బాగా పోతే అది ఆడినవాడి గొప్ప. పోకపోతే చెప్పినవాడి తప్పు. లోవరాజు నన్ను ఇంటికి తీసుకెళ్ళి, ఉప్పునీళ్ళలో తోమి, భార్య నూకాలు గోళ్ళ రంగుతో నా మీద మూడు ఎర్ర చుక్కలు పెట్టాడు. ఎవరి బంతి ఏదో తెలియడానికి ఆటగాళ్ళు గుర్తు పెట్టుకుంటారు. మూడు ఎర్ర చుక్కలు లోవరాజు గుర్తు. ఆ రోజునుంచి నేను ఆయన సొంతం.

ఆ క్లబ్బులో మెంబర్లు కానివాళ్ళు ఆడకూడదు. సోమవారం ఒక్కరోజు మాత్రం, గడ్డి కోసే పని ఉంటుంది కనుక మెంబర్లు రారు. ఆ పూట పొద్దున పది దాకా క్యాడీలు ఆడుకోవచ్చు. లోవరాజు వారానికి ఒక్క సోమవారం చొప్పున ఆడి ఆడి, బంతిని దించాల్సిన పద్దెనిమిది గుంతలూ డెబ్బై నాలుగు దెబ్బల్లో ముగించే స్థితికి వచ్చాడు. దెబ్బలు ఎంత తక్కువైతే అంత మంచి ఆట. ఆయన ఎవరి సంచి మోస్తాడో ఆ ధనుంజయరావుగారు వారానికి నాలుగు రోజుల చొప్పున తొమ్మిదేళ్ళు ఆడి ఇంకా వంద దగ్గరే ఉన్నారు. అయితే సోమవారం ఆటకి స్కోరు కార్డు రాయరు. రాయని ఆట ఆడనట్టే లెక్క.

ఆ ఏడు పిల్లలకి ఆట నేర్పడానికి క్లబ్బువాళ్ళు ఒక సహాయకుణ్ణి తీసుకుంటామన్నారు. క్యాడీలు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే ఎనభై దెబ్బల లోపు పద్దెనిమిది గుంతలు ముగించినట్టు ఒక కార్డు కావాలి. దాని మీద మెంబరు సంతకం ఉండాలి. బరువు మోసి మోసి లోవరాజు కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. ఇంకో ఐదేళ్ళు మొయ్యలేనని ఆయనకి తెలుసు. ఆ కార్డు తప్ప ఆయనకి వేరే దారి లేదు.

ధనుంజయరావుగారికి శీతల గిడ్డంగులున్నాయి. క్లబ్బు కమిటీలో ఆయన ఉన్నారు. వేసవిలో స్నేహితుడు సుధాకర్ బాబుతో కలిసి కారులో దక్షిణాదికి వెళ్ళి, చూడచక్కని చోట్ల ఉన్న నాలుగు మైదానాల్లో ఆడి రావాలని అనుకున్నారు. అవి క్లబ్బులు కావు. టికెట్టు కొన్న ప్రతివాడినీ ఆడనిస్తారు. "సంచులు మోస్తూ, నాతో పాటు కారు తోలుతూ రారా లోవా. ఆఖరి ఊళ్ళో నువ్వూ టికెట్టు కొనుక్కుని ఆడు. కార్డు మీద నేను సంతకం పెడతా" అన్నారు. అందుకే ఆ జాబితాలో తొమ్మిదో పని.

మొదటి మైదానం రాళ్ళ గుట్టల మధ్య ఉంది. తెల్లవారకముందే ఏనుగుల్లాంటి బండలు, తెల్లవారాక అదే బండల మీద నిప్పులు. రెండోది ఒక చెరువు గట్టున ఉంది. ఆటకి అడ్డం వచ్చి కొంగలు నిలబడేవి, కదలమంటే ఆలోచించి కదిలేవి. మూడోది కాఫీ తోటల మధ్య. అప్పుడే వాన పడి మొక్కలన్నీ తెల్లగా పూశాయి, గాలికి మల్లెల వాసన వచ్చింది. మనుషులు ఎంత చిత్రమైనవాళ్ళంటే, అంత అందం చూడ్డానికి పదిహేను వందల కిలోమీటర్లు వచ్చి, దానికి వీపు తిప్పి నిలబడి ఫొటోలు దిగారు. దాన్ని చూసింది లోవరాజు ఒక్కడే. గ్రీన్ పక్కన, అంటే గుంత చుట్టూ నున్నగా కోసిన పచ్చిక పక్కన, గొంతుక్కూర్చుని, అరచేయి గడ్డి మీద పెట్టి, గడ్డి ఏ వైపు వాలి ఉందో చూసి, అటువైపు కొండని చూసి, "ఇటుపక్కకి రెండడుగులు జరిపి కొట్టండి బాబూ" అనేవాడు. ధనుంజయరావుగారు జరపకుండా కొట్టి, బంతి పోతే లోవరాజు మొహం చూసేవారు.

నాలుగో మైదానం నీలగిరుల్లో. లోవరాజు తెల్ల చొక్కా వేసుకుని, కిరాయి స్వెట్టరు దాని మీద తొడుక్కుని వెళ్ళాడు. గేటు దగ్గర గదిలో ఊలు టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ రిజిస్టరు ముందుకు తోసి, ఆడేవాళ్ళందరూ పేరు రాయాలని సైగ చేసింది. లోవరాజు తెలుగులో రాశాడు, ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి. ఆవిడకి అర్థం కాలేదు. అడిగి, విని, కింద ఇంగ్లీషులో తనే రాసుకుంది. ఆ తర్వాత "ప్లేయర్" అన్న గడిలో ఆయన పేరుకి ఎదురుగా టిక్కు పెట్టింది. ఇరవై రెండేళ్ళలో ఆయన్ని ఆ మాటతో పిలిచిన మొదటి కాగితం అదే. నేను ఆయన జేబులో ఉన్నాను. ఆయన గుండె చప్పుడు నాకు తెలిసింది.

సంచులు మాత్రం ఆ రోజు కూడా ఆయనే మోశాడు. రెండు సంచులు మోస్తూ, ధనుంజయరావుగారి పాత కర్రలతో, పదకొండు గుంతలు ముగిసేసరికి ఉండాల్సిన లెక్కకంటే మూడు దెబ్బలే ఎక్కువ కొట్టాడు. సుధాకర్ బాబు, "ఏమిటి ధనుంజయా, నీ క్యాడీ నీకు చెప్పకుండా దాచుకున్న విద్య చాలా ఉందే" అని నవ్వాడు. ధనుంజయరావుగారు నవ్వలేదు. పెన్సిలు తీసి కార్డు మీద అంకె వేసేటప్పుడు మొన కాగితంలోకి దిగేంత గట్టిగా నొక్కారు.

పన్నెండో గుంత లోయ దాటి ఉంది. నూట యాభై గజాలు, అవతల చిన్న పచ్చిక గట్టు, దాని వెనక నీలగిరి చెట్లు. ముందు ధనుంజయరావుగారు కొట్టారు. ఆయన బంతి లోయలోకి పోయింది. తర్వాత లోవరాజు నన్ను గడ్డి మీద పెట్టాడు. గుప్పెడు గడ్డి పరకలు తుంపి గాల్లోకి వదిలి, అవి ఎటు వాలాయో చూశాడు. ఎనిమిదో నంబరు కర్ర తీశాడు.

ఆ దెబ్బ గురించి నేను చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. నొప్పి లేదు. లోయ నా కింద నుంచి వెళ్ళిపోయింది. గట్టు మీద ఒకసారి పడ్డాను, రెండోసారి పడ్డాను, వాలుగా ఉన్న గడ్డి నన్ను మెల్లగా ఎడమకి తీసుకెళ్ళింది, చల్లటి చీకట్లోకి దిగిపోయాను. ఒకే ఒక్క దెబ్బ. జీవితమంతా ఆడినా చాలామందికి దక్కని దెబ్బ.

సుధాకర్ బాబు కేక వేశాడు. లోవరాజు కదల్లేదు, కర్ర రెండు చేతుల్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అందరికంటే ముందు గుంత దగ్గరికి నడిచింది ధనుంజయరావుగారు. నన్ను బయటికి తీసింది ఆయన చెయ్యి. తీసి తన జేబులో వేసుకున్నారు.

పదమూడో గుంత మొదలుకాకముందే వాన పట్టుకుంది. రోడ్డు మీద టీ బంకులో కూర్చున్నారు. ధనుంజయరావుగారు చాలాసేపు టీ ఊదుకున్నారు.

"లోవా, నీకు ఆ దెబ్బ ఎందుకు పనికొస్తుందిరా? మన క్లబ్బు బోర్డు మీద ఎక్కేవి మెంబర్ల పేర్లే. నీ పేరు మీద ఉంటే ఈ లోయలో పడేసినట్టే. నా పేరు మీద ఉందనుకో, నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా."

"మరి నా కార్డు బాబూ? ఇంకా ఆరు గుంతలున్నాయి. వాన తగ్గాక..."

"కమిటీలో నేనుండగా నీకు కార్డెందుకురా."

ఒకే దెబ్బకి బంతి గుంతలో పడితే దాన్ని హోల్-ఇన్-వన్ అంటారు. అది రాయాలంటే చూసినవాళ్ళిద్దరు సంతకం పెట్టాలి. సుధాకర్ బాబు, "ఏం చేస్తాం, స్నేహం" అంటూ పెట్టేశాడు. రెండోది లోవరాజు పెట్టాలి. ఆయన వాన వైపు చూశాడు. కుడి భుజం ఒకసారి నొక్కుకున్నాడు. సంతకం పెట్టాడు. జాబితాలో తొమ్మిదో పని మీద గీత గీయబోయి సగంలో ఆపింది అప్పుడే.

నాకు ధనుంజయరావుగారి మీద కోపం. సుధాకర్ బాబు నవ్వు మీద కోపం. దాచడం దేనికి, ఆ సంతకం పెట్టిన చేతి మీద కూడా కోపమే. కానీ ఆ చెయ్యి ఏ బరువు కింద నుంచి వచ్చిందో నాకు తెలుసు. మిగతా ఇద్దరి చేతుల మీద ఏ బరువూ లేదు.

తిరిగొచ్చాక క్లబ్బులో విందు జరిగింది. నన్ను అద్దాల పెట్టెలో పెట్టాలని తీర్మానించారు. శుభ్రం చేయమని లోవరాజుకే ఇచ్చారు. "ఆ ఎర్ర చుక్కలు చెరిపెయ్" అని ధనుంజయరావుగారు చెప్పారు. లోవరాజు చెరపలేదు. వడ్రంగితో మాట్లాడి, చుక్కలు గోడ వైపు ఉండేలా బిగింపజేశాడు. ముందు వైపు ఇత్తడి రేకు, దాని మీద ధనుంజయరావుగారి పేరు. కమిటీ గదికి వెళ్ళే దారిలో ఉంటాను. లోపలి మాటలన్నీ వినబడతాయి.

పిల్లలకి ఆట నేర్పే ఉద్యోగం గురించి మాట్లాడిన రోజు, లోవరాజు దరఖాస్తు చదివి, కార్డు ఏదని ఎవరో అడిగారు. నేను ధనుంజయరావుగారి గొంతు కోసం ఎదురుచూశాను. కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు వచ్చింది. అంతే. ఉద్యోగం బయటినుంచి సర్టిఫికెట్టుతో వచ్చిన ఒక యువకుడికి పోయింది. అతని తప్పేమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం లోవరాజు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, క్యాడీలు రాకూడని ఆ దారిలోకి వచ్చి, నా ముందు నిలబడ్డాడు. భోజనానికి వెళ్తున్న మెంబర్లు ఆగారు. వాళ్ళలో సెక్రటరీ, సుధాకర్ బాబు, ధనుంజయరావుగారు ఉన్నారు.

"బాబూ, ఆ దెబ్బ నాది" అన్నాడు లోవరాజు. "మీరిద్దరూ సూసారు గదా. సెప్పండి."

ధనుంజయరావుగారు, ఎండదెబ్బ తగిలినట్టుంది పాపం, అన్నారు. ఇద్దరు నవ్వారు. సెక్రటరీ నవ్వలేదు. లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చి చూపించాడు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే బాబూ."

"మరి ఇంకేం మాట్లాడతావు?"

"ఆ బంతి ఓపాలి తిప్పి సూడండి. ఎనకమాల మూడు ఎర్ర సుక్కలుంటాయి. అది నా బంతి. నా బంతితో ఆయనెలా కొడతారు?"

అర చుట్టు. నన్ను అర చుట్టు తిప్పితే చాలు. రెండు మరలు విప్పడానికి నిమిషం పట్టదు. నేను లోపల నుంచి అరిచాను, బంతులకి అరుపు ఉంటే. సుధాకర్ బాబు ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఆయనకి చుక్కలు తెలుసు, పన్నెండు గుంతల పొడుగునా చూశాడు. తర్వాత, అన్నం చల్లారిపోతోంది పదండి, అన్నాడు.

క్రమశిక్షణ తప్పినందుకు ఆ సాయంత్రమే లోవరాజు దగ్గర ముప్పై ఒకటో నంబరు క్యాడీ బిళ్ళ తీసుకున్నారు. ఇప్పుడు హార్బరులో ఐసు దింపుతున్నాడని తోట పనివాళ్ళు అనుకుంటుంటే విన్నాను. ఐసు దిమ్మలు కూడా భుజం మీదే మొయ్యాలి. ఆయనకి సోమవారాలు కూడా లేవు.

నేను ఇక్కడే ఉన్నాను. పిల్లల్ని తీసుకొచ్చి నన్ను చూపించి, కష్టపడితే మీరూ ఇలా సాధించవచ్చు అని చెబుతారు. పిల్లలు ఇత్తడి రేకు చదువుతారు. ధనుంజయరావుగారు ఈ దారిన పోయేటప్పుడు నా వైపు చూడరు. ఆ మాత్రం సిగ్గు మిగిలిందనుకోవాలో, అలవాటైపోయిందనుకోవాలో తెలియదు.

మీరెప్పుడైనా వేసవిలో నీలగిరుల వైపు వెళ్తే, టికెట్టు కొన్న ప్రతివాడినీ ఆడనిచ్చే ఆ మైదానం దగ్గర ఆగండి. ఊలు టోపీ పెట్టుకున్న పెద్దావిడ ఉంటే పాత రిజిస్టరు అడగండి. మే నెల పేజీల్లో తెలుగు అక్షరాలతో రాసిన పేరు ఒక్కటే ఉంటుంది, దాని ఎదురుగా ఒక టిక్కు ఉంటుంది. చదవండి. ఆట రాకపోయినా ఫరవాలేదు, పన్నెండో గుంత దాకా నడిచి వెళ్ళి, లోయ అవతలికి చూసి, ఆ పేరు ఒకసారి పైకి అనండి. అంత దూరం పోలేకపోతే, ఉన్నచోటనే గుర్తుపెట్టుకోండి.

మైలపల్లి లోవరాజు. ఎనిమిదో నంబరు కర్ర. ఒకే దెబ్బ.