లోపలి గడియ

"ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు ఖాళీగా ఉన్నాయో లేదో చూసొస్తావు, ఇంట్లో మంచినీళ్ళ డబ్బా ఖాళీ అయింది కనపడదా?" అన్నాడు మా ఆయన, నేను చెప్పులేసుకుంటుంటే. మా అత్తగారు పకపకా నవ్వారు. చెప్పులు విప్పి, డబ్బా నింపి, మళ్ళీ వేసుకున్నాను.

నా ఉద్యోగం నిజంగా అదే. వీధి వీధీ తిరిగి, అద్దె ఇళ్ళలో నూటికి ఎన్ని ఖాళీగా ఉన్నాయో తేల్చాలి. తాళం కనపడినంత మాత్రాన ఖాళీ అనుకోకూడదు. కరెంటు మీటరు తిరుగుతోందా, తీగ మీద బట్టలున్నాయా, గుమ్మంలో దుమ్ము ఎన్నాళ్ళది, చూడాలి. రేపు ఎవరైనా వచ్చి అడిగితే ఇచ్చేటట్టయితేనే అది ఖాళీ ఇల్లని మా ఆఫీసరు చేరిన రోజే చెప్పారు. ఇన్నేళ్ళలో ఒక్క ఇల్లూ నేను తప్పు రాయలేదు.

ఈసారి మాత్రం ప్రతి గుమ్మంలోనూ ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతున్నాను. "ఒంటరి ఆడమనిషికి ఇస్తారా?"

కారణం మా ఇంట్లో ఒక తలుపు. మా ఆయన చేయి చేసుకున్న ఒక రోజు నేను పక్క గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ గడియ లేదు, మేకుల చిల్లులున్నాయి. "మొగుడూ పెళ్ళాల మధ్య గడియలేమిటే?" అన్నారు అత్తగారు, కూర తరుగుతూ. మా ఆయన కుర్చీ ఎక్కి దాన్ని పీకేటప్పుడు, కుర్చీ కదలకుండా పట్టుకున్నది ఆవిడేనట. ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. గడియ మిగిలింది స్నానాలగదికే. పంపు తిప్పి అక్కడ కూర్చుంటాను, "ఇంకా ఎంతసేపు?" అని ఎవరో ఒకరు తలుపు బాదేవరకూ.

ఒంటరి ఆడమనిషి అనగానే, అంతవరకూ గదులన్నీ తిప్పి చూపించినవాళ్ళు గుమ్మానికి అడ్డంగా నిలబడేవారు. "ఫ్యామిలీలకేనమ్మా." "మొగుడేమయ్యాడు?" "ఎవరికోసం అడుగుతున్నావు?" మా చెల్లెలికి, అనేదాన్ని. నాకు చెల్లెళ్ళు లేరు.

ఉండబట్టలేక ఆఫీసర్ని అడిగాను. "సార్, నేనెళ్ళి అడిగితే ఇవ్వని ఇల్లు ఖాళీ ఎలా అవుతుంది?"

"నువ్వెందుకు అడుగుతావమ్మా, నీకు ఇల్లుందిగా!" అని నవ్వి, ఖాళీలోనే వేయమన్నారు. వేశాను. నా చేత్తో నేనే.

ఇవాళ చివరి ఇంట్లో ఒకావిడ మిషను కుడుతోంది. ఖాళీ ఇళ్ళ లెక్క రాసుకోవడానికి వచ్చానంటే, మేడ మీద గది ఖాళీ అంది. నా ప్రశ్న అడిగాను. ఆవిడ కుట్టు ఆపి నా జాకెట్టు చేతుల వైపు చూసింది.

"ఇంత ఎండల్లో మణికట్టు దాకా చేతులు ఎవరు కుట్టించుకుంటారో నాకు తెలుసులే. నీకేనా?"

చెల్లెలి మాట నోటిదాకా వచ్చింది. "నాకేనండీ" అన్నాను.

తాళంచెవి ఇచ్చింది. గది ఇరుకు. ఒక మూల చెమ్మ. కిటికీ తీస్తే పక్కింటి గోడ. నేను అవేమీ పట్టించుకోలేదు. తలుపు మూసి గడియ తోశాను. బిగుసుకుపోయి ఉంది. అరచేత్తో గట్టిగా నెట్టాను. పడింది. బయట నుంచి ఎవరూ తలుపు బాదలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

కిందికి దిగేసరికి ఆవిడ మళ్ళీ కుడుతోంది. తలెత్తకుండానే అడిగింది. "మరి ఖాళీ అనే రాసుకుంటావా?"

"లేదండీ. అందులో మనిషి ఉంది."