తొంభై ఆరు కిలోల మొక్కు

అబిడ్స్‌లో ఒక చీరల దుకాణంలో ముప్ఫై ఏళ్ళుగా చీరలు పరిచి చూపించే మల్లయ్య, మోకాళ్ళు పట్టేసి, పోయినసారి మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మల గద్దెల దాకా నడవలేకపోయాడు. దూరం నుంచే దండం పెట్టి, "నొప్పి పోతే వచ్చే జాతరకు నా ఎత్తు బంగారం ఇస్త తల్లీ" అని మొక్కుకున్నాడు. ఆ అమ్మలకు ఇచ్చే ఎత్తు బంగారమంటే మనిషి బరువుకు సరితూగే బెల్లమే. అప్పుడాయన బరువు తొంభై ఆరు కిలోలు.

తిరిగొచ్చాక నాంపల్లి డాక్టరమ్మ, "నెలకో కిలో తగ్గండి, తొందరపడకండి. తగ్గడం కంటే తగ్గినట్టే ఉండడం కష్టం" అంది. మల్లయ్య ఆటో మానేసి రోజూ నాంపల్లిలోని ఇంటి నుంచి దుకాణానికి నడిచాడు. మారు అన్నం మానేశాడు. చాయ్‌లో చక్కెర మానడానికే మూడు నెలలు పట్టింది. ఏడాదిన్నరకు ఎనభై ఒకటికి దిగాడు. ఆర్నెల్లుగా అక్కడే ఉన్నాడు. నొప్పి పోయింది. అంతా అమ్మల దయేనని నమ్మాడు. నడిచింది మాత్రం నేనే కదా అని ఎప్పుడైనా అనిపిస్తే వెంటనే లెంపలు వేసుకునేవాడు.

జాతరకు వారం ముందు భార్య కొండమ్మతో ఉస్మాన్‌గంజ్ బెల్లం దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు బిచ్చయ్య పెద్ద తక్కెడలో ఒకవైపు ఆయన్ను కూర్చోబెట్టి, రెండోవైపు బెల్లం ముద్దలు పేర్చాడు. ముల్లు నిలిచింది.

"ఎనభై ఒకటి."

"మిగిలిన పదిహేను కిలోలేవి?" అంది కొండమ్మ.

"మనిషెంతుంటే గంతే కదక్కా," అన్నాడు బిచ్చయ్య.

"మొక్కిన్నాడు తొంభై ఆరుండె. అమ్మలకే తరుగు తీస్తడా?"

వెనక నిలబడ్డ ముసలామె అందుకుంది. "ఔ బిడ్డా, మొక్కిన్నాటి ఒళ్ళే లెక్క."

"పైన ఇంకో పదిహేను కిలోలు ఏస్తె సరిపాయె," అన్నాడు మల్లయ్య.

"ఏస్తె గది కానుకైతది," అంది కొండమ్మ. " ఎత్తు బంగారమెట్లైతది? గీసారి వద్దు. రెండేండ్లు మంచిగ తిను, మళ్ల తొంభై ఆరైతవ్. వచ్చే జాతరకిద్దాం."

వరుసలో ఉన్నవాళ్ళందరూ తలలూపారు.  మల్లయ్యకు రెండేళ్ళ చప్పిడి చాయ్ అంతా కళ్ళముందు తిరిగింది.

"మళ్ల గంత ఒళ్ళొస్తే నొప్పి గూడ వస్తదే! నొప్పొస్తే ఇంక మొక్కెక్కడిది?"

కొండమ్మ ఏదో అనబోయింది. అంతలోనే మల్లయ్య గబగబా అనేశాడు: "అమ్మలు తమ వంతు ముందే తీసుకున్నరు. నెలకింత నా ఒంట్లకెళ్లి నిదానంగ పదిహేను కిలోలు పట్టుకపోయిన్రు. మిగిలింది గిది."

బిచ్చయ్య పకపకా నవ్వాడు. కొండమ్మ నవ్వలేదు. కళ్ళు మూసుకుని చేతులు జోడించింది.

"నిజమే. గట్లనే అయ్యుంటది."

మల్లయ్య తక్కెడలోంచి దూకినంత పని చేశాడు.

ఎనభై ఒక్క కిలోల బెల్లం అమ్మలకిచ్చి జాతర నుంచి వచ్చాక మొదటి ఆదివారం ఇంట్లో గారెలు వండారు. మల్లయ్య రెండు తిని మూడోదానికి చెయ్యి చాపాడు. కొండమ్మ గిన్నె వెనక్కి లాక్కుంది.

"అమ్మలకిచ్చింది మళ్ల ఒంటికి పెట్టుకుంటవా? కండ్లు పోతయ్!"

"ఒక్క గారేనే..."

"ఒక్క గ్రామైనా వాళ్ళదే."

డాక్టరమ్మ మాటైతే పెళ్ళిళ్ళకీ పండగలకీ కాస్త సడలించుకునేవాడు. ఇప్పుడు ఆ వీలు లేదు. ఒక్క గారెకు అమ్మలు నిజంగా అంత కోపగిస్తారా అని అడుగుదామనుకున్నాడు. కొండమ్మ ముఖం చూసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు.